నడుము లోతు

పెరట్లో కూర్చుని ముంతలకు పట్టిన సున్నపు పెంకులు గీకుతున్నాను. గాలి ఆడని మధ్యాహ్నం. మొండి చాకు గీస్తున్న చప్పుడు తప్ప ఊళ్ళో ఇంకేమీ వినబడటం లేదు. అప్పుడు అత్తమ్మ గదిలోంచి నా గొంతు వినబడింది.

"ఆఁ, అత్తమ్మా. వింటున్నా, చెప్పు."

నేను మాట్లాడలేదు. చాకు ఆపి నా పెదవులు తడుముకున్నాను. ఎండకు పగిలి, ఉప్పు పట్టి, మూసుకునే ఉన్నాయి. లోపల నా గొంతు మళ్ళీ అంది. "తర్వాత ఎటు వెళ్ళాలి అత్తమ్మా?" చివర్లో కాస్త అలసటగా జారిపోయే ఆ మాట తీరు నాదే. అలా జారుతుందని నాకు అంతవరకూ తెలియదు.

లేచి వెళ్ళి తెర పక్కన నిలబడ్డాను. మంచం అంచున మా ఆయన నౌఫల్ కూర్చుని ఉన్నాడు. అత్తమ్మ చూపు పోయి చాలాకాలమైంది. ఈ మధ్య మతి కూడా వస్తూ పోతూ ఉంది. ఆమె చేతిని తన చేతుల్లోకి తీసుకుని, నేను పట్టుకునే పద్ధతిలోనే బొటనవేలితో నిమురుతూ, అంత పెద్ద మగవాడు సన్నటి ఆడగొంతుతో మాట్లాడుతున్నాడు. పక్కన పళ్ళెంలో ఖర్జూరాలు కూడా పెట్టుకున్నాడు. తల్లికి తిండి పెట్టడానికి అతను ఆ గదిలోకి వచ్చింది అదే మొదటిసారి.

"గుర్తు పెట్టుకో సాల్హా," అంటోంది అత్తమ్మ. "ఆటు మొదలై నీళ్ళు వెనక్కి తీయగానే బయల్దేరు. ఎండిన ఖర్జూరం చెట్టు వెనక మసీదు మినారు దాక్కునేదాకా నడువు. కాళ్ళకింద గడ్డి మొదట మెత్తగా ఉంటుంది. తర్వాత గరుకవుతుంది. చల్లనీళ్ళు పట్టీ కట్టినట్టు తగులుతాయి. నీళ్ళు నడుము దాకా వస్తాయి. అక్కడ ఆగు."

"నడుము దాకానా అత్తమ్మా?"

"నడుము దాకా."

నేను చప్పుడు చేయకుండా పెరట్లోకి వచ్చి మళ్ళీ చాకు అందుకున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నా మొగుణ్ణని చెప్పుకునే అతను నా గొంతును నాకు తెలియకుండా ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడు! ఇన్నేళ్ళలో ఆ గొంతు చెప్పిన ఒక్క మాటా అతని చెవికి ఎక్కినట్టు అనిపించలేదు. విననే వినడం లేదనుకున్నాను. వింటూనే ఉన్నాడన్నమాట.

మా కెర్కెన్నా దీవుల్లో వేసవికి ముందు ఆక్టోపస్ వేట మూసేస్తారు. ఆక్టోపస్‌లు దూరి దాక్కునేలా తాళ్ళకు వరసగా కట్టి సముద్రంలో వదిలిన ముంతలన్నీ మగవాళ్ళు పైకి లాగి ఒడ్డున గుట్టలు పోస్తారు. చలి మొదలయ్యేదాకా సెలవు అంటారు. ఆ గుట్టలు ఇళ్ళకు మోసుకొచ్చి, గీకి, కడిగి, కొత్త తాళ్ళు పేని కట్టేది ఆడవాళ్ళం. సెలవు ఎవరికో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే, "ఇంట్లో నీడపట్టున కూర్చుని చేసే పనేగా," అంటాడని తెలుసు.

ఆ గుట్టల్లోంచి అంచు విరిగినవి, పగులు పట్టినవి మేం ఏరి పక్కన పెడతాం. ఒకరోజు పొద్దున వాటిని నెత్తిన పెట్టుకుని సముద్రంలోకి నడిచివెళ్ళి నీటి అడుగున పెరిగే గడ్డిలో పెట్టి వస్తాం. మా సముద్రం చాలా దూరం వరకూ మనిషిని మునగనివ్వదు. ఆ ముంతలకు తాడు కట్టం. తాడు లేని ముంత తల్లిది. గుడ్లు పెట్టబోయే ఆక్టోపస్ అందులో దూరి, ముంత లోపలి కప్పుకు ముత్యాల గుత్తుల్లా గుడ్లు అంటించి, అవి పిల్లలయ్యేదాకా కాపలా ఉంటుంది. ఏ ఇంటి ముంతలు ఎక్కడున్నాయో ఆ ఇంటి అత్త కోడలికి చెబుతుంది. మగవాళ్ళకు చెప్పరు. ఎందుకని పెళ్ళయిన కొత్తలో నేను అడిగితే, "వాళ్ళ చేతిలో ఎప్పుడూ తాడు ఉంటుంది కదే," అని నవ్వింది అత్తమ్మ.

ఆ రోజు ఆమె నా చెయ్యి పట్టుకుని నీళ్ళకింద ఒక ముంతలో పెట్టించింది. "లాక్కోకు. నువ్వెవరో తెలుసుకోనివ్వు," అంది. చీకట్లో ఏదో మెత్తటిది నా వేళ్ళ మధ్యకు వచ్చింది. ఒక్కొక్క వేలినీ చుట్టి, మణికట్టు మీద ఆగి, నా నాడి దగ్గర మెల్లగా నొక్కింది. ముంతలోంచి చల్లటి ఊపిరి లాంటి నీరు నా అరచేతికి తగిలింది. గుడ్ల మీదకు ఎడతెగకుండా నీరు ఊదుతోంది అది. నన్ను అంత నిదానంగా, అంత పూర్తిగా ఎవరూ తడిమి తెలుసుకోలేదు, ముందూ లేదు, తర్వాతా లేదు. చెయ్యి వదిలాక కూడా ఆ గుండ్రటి ముద్రలు చాలాసేపు నా చర్మం మీద ఉన్నాయి.

అది తిండి తినదు. రంగు పోయి తెల్లబడి, చర్మం పొరలుగా ఊడిపోతూ ఊదుతూనే ఉంటుంది. గుడ్లు పగిలే రోజుకు చచ్చిపోతుంది. ఈ సంగతి నౌఫల్‌కు చాలా ఇష్టం. స్నేహితులు వస్తే తప్పకుండా చెబుతాడు. "తల్లంటే అదిరా! ఒక్క ముద్ద తినదు. మా సాల్హాని చల్లారిన కాఫీ ఇంకోసారి వేడి చెయ్యమంటే మొహం ఇంత పొడుగు చేస్తుంది." అందరూ నవ్వుతారు. నేను ఆ కాఫీ గిన్నె పట్టుకుని నిలబడి ఉంటాను. గుడ్లు పెట్టాక ఆ మగది ఏం చేస్తుందని ఎవరూ అడగరు.

ఇప్పుడతనికి ఆ తల్లులు కావాల్సి వచ్చాయి.

స్ఫాక్స్ పట్నం నుంచి హాతెమ్ అనే వ్యాపారి మొన్న వచ్చాడు. హోటళ్ళకు చేపలు పంపుతాడు. మర్యాదస్తుడు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి అత్తమ్మ నుదుటిని ముద్దుపెట్టుకున్నాడు. గడ్డిని వేళ్ళతో సహా పీకే వలల సరుకు తన హోటళ్ళు ముట్టవన్నాడు. పెట్టె మీద అంటించే చీటీ చూపించాడు. దాని మీద మట్టిముంత బొమ్మ, కింద 'సముద్రానికి హాని లేకుండా పట్టినది' అన్న మాట. బొమ్మ బదులు నిజమైన ఫోటో వేద్దామని నా చేతికి ముంత ఇచ్చాడు.

"మొహం అక్కర్లేదక్కా, చేతులు చాలు. కాస్త ఆ గోళ్ళు కడుక్కుని రా."

కడుక్కుని వచ్చాను. ఫోటో తీసుకున్నాక, ఈ వేసవిలోనే మొదటి పెట్టెలు కావాలన్నాడు.

"వేట మూసేశారు కదా అన్నా," అన్నాను నేను.

"ముంతలో పట్టిందా లేదా అని అడుగుతారక్కా మా అతిథులు. ఏ నెలలో పట్టారని ఎవరూ అడగరు," అన్నాడతను చాలా మెత్తగా. నౌఫల్ నా వైపు చూసి, "టీ పెట్టు," అన్నాడు.

నౌఫల్ చెడ్డవాడని చెప్పలేను. వలల్ని నీలిపీతలు కొరికేస్తున్నాయి. ఆ పీతలకు ఇక్కడివాళ్ళు ఓ హంతకుల ముఠా పేరు పెట్టుకున్నారు. పొద్దున్నే చిరిగిన వల ముందు కూర్చుని తల పట్టుకునే అతన్ని చూస్తే నాకూ జాలేస్తుంది. కానీ తాడులేని ముంతలు ఎక్కడని అతను అడిగినప్పుడు, "అత్తమ్మ నాకు చెప్పలేదు," అన్నాను. ఆ తల్లుల్ని ఇప్పుడు ఎత్తేస్తే వచ్చే చలికాలం మా తాళ్ళకు ఖాళీ ముంతలే వస్తాయి. అతనికీ తెలుసు. "వచ్చే చలికాలం సంగతి వచ్చే చలికాలం," అన్నాడు. ఆ మర్నాడే నా గొంతు నేర్చుకున్నాడు.

తర్వాతి రోజు పొద్దున అత్తమ్మకు ఒళ్ళు తుడుస్తుంటే ఆమె ముక్కుతో గాలి పీల్చింది.

"నిన్న నీకు జలుబు చేసిందా పిల్లా? గొంతు బొంగురుగా ఉంది."

"కొంచెం, అత్తమ్మా."

"చేతులు కూడా డీజిలు కంపు. సబ్బు పెట్టి కడుక్కో." తల దిండు మీదికి వాల్చింది. "చెప్పాల్సింది చెప్పేశాలే. నడుము దాకా అని చెప్పా. ఎవరి నడుమని అడగలేదు, నేను చెప్పలేదు."

నేను గుడ్డ పిండటం ఆపాను. ఆమె ముఖంలో ఏమీ లేదు. పెదవులు గుండ్రంగా తెరుచుకుని, ఫూ, ఫూ అని నెమ్మదిగా గాలి వదులుతున్నాయి. కొన్నాళ్ళుగా ఇదే అలవాటు. సూప్ నోట్లో పెట్టినా మింగదు. చేతులు దుప్పటి మీద వెతుక్కుంటూ వచ్చి నా మణికట్టు చుట్టుకుంటాయి. చర్మం తెల్లగా, తడికాగితంలా ఊడివస్తోంది. కొత్తకోడలిగా ఉన్నప్పుడు, మగవాళ్ళ పళ్ళెం ముందు వెళ్ళిపోయాక, కుస్కుస్ నూక అడుగున దాచిన మంచి ఆక్టోపస్ ముక్క నా వైపు జరిపిన చేతులివి. ఎవరైనా చూస్తే, "అది ఎముక, పడేస్తోంది," అని గదమాయించేది. ఆక్టోపస్‌కు ఎముక ఉండదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ పూట నౌఫల్ ఒక్కడే సముద్రంలోకి వెళ్ళి, సాయంత్రానికి బురద కొట్టుకుని తిరిగి వచ్చాడు.

"అమ్మకు మతి పూర్తిగా పోయింది. నడుము దాకా అంది. పడవ దిగి నిలబడి చూశా. బురద, పీతలు. ముంత పెంకు కూడా లేదు."

రొట్టె తుంచుతూ నా వైపు చూశాడు. చూపు నా ముఖం దగ్గర ఆగలేదు, కిందకు జారింది. తుంచిన ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"లే. అక్కడ నిలబడు."

గుమ్మం చట్రానికి నన్ను ఆనించి నిలబెట్టాడు. అరచెయ్యి అడ్డంగా నా నడుము దగ్గర పెట్టాడు. తర్వాత తన నడుముతో పోల్చుకున్నాడు. "కదలకు," అన్నాడు. బొగ్గుముక్కతో చట్రం మీద గీత గీశాడు. పెళ్ళయినప్పటి నుంచీ పక్కింటి బహీజా అంటూనే ఉంటుంది, వెనకనుంచి చూస్తే అత్తెవరో కోడలెవరో తెలియదని.

"నువ్వు సరిగ్గా అమ్మంత," అన్నాడు. ఆ ముఖంలో పెళ్ళిచూపుల నాటి సంతోషం కనబడింది. "రేపు నాతో రా. నువ్వు ముందు నడువు, నేను గెడ వేసుకుంటూ వెనక పడవలో వస్తా. నడుము దాకా రాగానే చెప్పు."

"కర్ర ముక్క మీద గీత గీసుకుని తీసుకెళ్ళు."

"గడ్డి ఎక్కడ గరుకవుతుందో, నీళ్ళు ఎక్కడ చల్లబడతాయో కర్రకేం తెలుస్తుంది? నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఊరికే నడవడమే."

"రాకపోతే?"

"పడవకు గొలుసు కట్టి గడ్డంతా ఈడుస్తా. వాటంతటవే బయటపడతాయి."

కోపంగా అనలేదు. అందుకే చేస్తాడని అర్థమైంది. కొలతకర్రకు అభిప్రాయం ఉండదు కనుక ఆ మాటతో మా సంభాషణ అయిపోయిందనుకున్నాడతను. నేనూ పళ్ళేలు తీశాను. కడుగుతున్నంతసేపూ ఆ బొగ్గుగీత నా ఒంటి మీదే ఉన్నట్టు అనిపించింది. నా ఎత్తు, నా గొంతు, నా చేతులు. ఈ ఇంట్లో ఒక్కొక్కటీ విడిగా పనికొస్తున్నాయి. అన్నీ కలిపి ఒక మనిషవుతుందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. నేనూ మరిచిపోతూ వచ్చానేమో.

మర్నాడు బహీజా బార్లీ సూప్ పట్టుకుని వచ్చి అత్తమ్మ దగ్గర కూర్చుంది. "మొగుడితో షికారా!" అని నన్ను ఆటపట్టించింది. నేను వెళ్ళేముందు అత్తమ్మ నా మణికట్టు వదిలిపెట్టింది. ఎప్పుడూ నేనే ఒక్కొక్క వేలూ విడిపించుకోవాలి. ఆ రోజు తనంతట తనే వదిలింది.

ఆటు మొదలయ్యే వేళకు సముద్రంలో దిగాం. ఎండకు నీళ్ళూ ఆకాశమూ ఒకే తెలుపయ్యాయి. అంచు ఎక్కడుందో తెలియలేదు. అల లేదు, పక్షి లేదు. నా చుట్టూ కట్టుకున్న వస్త్రం తడిసి ఉబ్బి, గొడుగులా తేలుతోంది. వెనక గెడ బురదలో దిగి పైకి వచ్చే చప్పుడు, దాని వెనక అతని ఊపిరి.

ఎండిన ఖర్జూరం వెనకకు మినారు వెళ్ళిపోయింది. కాళ్ళకింద మెత్తటి గడ్డి. కాసేపటికి గరుకు. పాదాల మీదుగా చల్లనీళ్ళు పట్టీలా కట్టుకున్నాయి. నీళ్ళు నా నడుము దగ్గరకు వచ్చి ఆగాయి. కుడిపాదం మట్టి అంచును తాకింది.

ఆ ముంత లోపలినుంచి అది వచ్చింది. నా చీలమండ చుట్టూ ఒక చుట్టు, ఇంకో చుట్టు. తొందర లేదు. మెల్లగా నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కింది. కింద ఫూ, ఫూ అని చల్లటి నీరు నా కాలికి తగులుతోంది. ఆ లయ నాకు తెలుసు. పొద్దున్నే విన్నాను. ఇంట్లో అత్తమ్మ మంచం దగ్గర వింటున్నానో, ఇక్కడ నీళ్ళకింద వింటున్నానో ఒక్కక్షణం తెలియలేదు. భయం వేయలేదు.

"నడుము దాకా వచ్చిందా?" వెనకనుంచి నౌఫల్.

"ఇంకా లేదు."

"దాటినట్టుందే!"

"నా నడుము ఎక్కడుందో నాకు తెలియదా?"

చిన్నగా నవ్వాడు. "సరే, సరే. నడువు."

చీలమండ మీది పట్టు సడలింది. నేను పక్కకు తిరిగి, ఒడ్డుకు సమాంతరంగా, మెరకలున్న వైపుకు నడవడం మొదలుపెట్టాను. పడవ ఆ గడ్డి మీదుగా నీడలా జారి నా వెంట వచ్చింది. అతను కిందకు చూడలేదు.

ఎంతసేపు నడిచానో తెలియదు. అతను అడుగుతూనే ఉన్నాడు, నేను లేదంటూనే ఉన్నాను. మొదటిసారి చెప్పింది అబద్ధం. ఆ తర్వాత చెప్పినవన్నీ నిజమే. నీళ్ళు తగ్గిపోతున్నాయి. నేను ఎంత నడిచినా సముద్రం నా నడుముకు అందకుండా వెనక్కి వెళ్ళిపోతోంది. తొడల దాకా, మోకాళ్ళ దాకా. బతుకంతా నీటిని చూసి బతికినవాడు ఆ పూట నీటిని చూడలేదు. నా నడుమునే చూస్తున్నాడు.

నీళ్ళు పిక్కల దాకా దిగాక నాకు అడుగులు కనబడ్డాయి. నా ముందు, నేనింకా చేరని బురదలో, ఆడమనిషి పాదాల గుర్తులు. అంచులు చెదరలేదు. ఎవరో ఇప్పుడే నడిచి వెళ్ళినట్టున్నాయి. చుట్టూ ఎవరూ లేరు, తెల్లటి వెలుగు తప్ప. నా పాదం ఒక గుర్తులో పెట్టాను. అతికినట్టు సరిపోయింది. ఎడమ పాదం గుర్తుకు చిటికెనవేలు లేదు. అత్తమ్మకు ఆ వేలు లేదు, వయసులో ఉన్నప్పుడు ముల్లు దిగి కుళ్ళితే తీసేశారు. ఆమె మంచం దిగి కొన్ని నెలలైంది. నేను తల ఎత్తి చూడలేదు. చూస్తే ఆ నడక ఆగిపోతుందేమో అనిపించింది. ఒక్కొక్క గుర్తులో అడుగు వేసుకుంటూ, అవి ఎటు తిరిగితే అటు తిరుగుతూ, మెరకమీదికి నడిచాను.

వెనక పడవ అడుగు బురదలో కూర్చున్న చప్పుడైంది.

నౌఫల్ గెడ ఆనించి నెట్టాడు. కదల్లేదు. దిగి భుజం పెట్టి తోశాడు. ఇంజను ఉన్న ఆ బరువును ఒక్కడు కదిలించలేడు. చుట్టూ చూశాడు. మిగిలిన కాసిని నీళ్ళు కాలవలు కట్టి తళతళలాడుతూ వెళ్ళిపోతున్నాయి. నీలిపీతలు బొరియల్లోంచి ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి.

"సాల్హా." గొంతు తగ్గింది. "ఆ చోటు దాటిపోయామా?"

"దాటాం."

"ఎప్పుడు?"

"నువ్వు మొదటిసారి అడిగినప్పుడు."

అరుస్తాడనుకున్నాను. అరవడానికి అక్కడ పక్కింటివాళ్ళు లేరు, నవ్వడానికి స్నేహితులు లేరు. ఆ తెల్లటి ఎండలో నేను, అతను, మా ఇద్దరి మధ్య ఆ అడుగుల గుర్తులు. అవి అతని కళ్ళకూ కనబడ్డాయి. వాటిని చూసి, నా పాదాలు చూసి, మళ్ళీ వాటిని చూశాడు. ఎడమ పాదం గుర్తు దగ్గర అతని చూపు ఆగిపోయింది.

"రేపు గొలుసు వేస్తా," అన్నాడు చివరికి, నమ్మకం లేకుండా.

"వెయ్యి. గడ్డి మీద నేను నిలబడి ఉంటాను. బహీజాకు చెబుతాను, మిగతా ఇళ్ళకూ చెబుతాను. గుడ్లు పగిలేదాకా రోజూ వచ్చి నిలబడతాం. మా మీదనుంచి ఈడ్చుకుపో."

అతను పడవ అంచున కూలబడ్డాడు. ఒక్కసారిగా ముసలివాడిలా కనిపించాడు. నాకు మళ్ళీ జాలేసింది. జాలిపడటానికీ ఆగిపోవడానికీ మధ్య ఇంత చోటు ఉంటుందని ఆ రోజే తెలిసింది. నేను ఒడ్డువైపు తిరిగాను.

"పోటు వచ్చేసరికి సాయంత్రమవుతుందే," అన్నాడు వెనకనుంచి, చిన్నపిల్లాడిలా. "దాహంతో చస్తా ఇక్కడ."

"పీట కింద చూడు. నీళ్ళ డబ్బా ఉంది, రొట్టె ఉంది. పొద్దున్నే పెట్టాను," అన్నాను. "ఒక్కడికి సరిపడా."